మాటలు తీసేసిన శోకం

“రేపు ఆదివారం మ్యాట్నీకి అందరం పోతున్నం. మీ చిన్నమ్మ గూడ వస్తున్నది,” అన్నాడు ఎల్లేశం ఫోనులో.

జమున హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. హైదరాబాదులో ఆ స్టూడియో గదికి కిటికీ లేదు. గోడలకు మెత్తని గుడ్డ కొట్టి ఉంటుంది. ఎవరు మెల్లగా మాట్లాడినా చెవి పక్కన మాట్లాడినట్టే ఉంటుంది. గోదావరిఖని నుంచి తండ్రి గొంతు ఆ గదిలోకి చాలా దగ్గరగా వచ్చింది.

“చిన్నమ్మ ఎందుకు బాపూ? ఆమె సినిమాలు చూడదు గద.”

“నీ పేరు తెర మీద పడ్తదంటే చూసొద్దమని ఆమెనే అన్నది. మీ కాక ఏడాది మాసికం అయినంక ఆమె గడప దాటుడు గిదే మొదలు. నేను వద్దంటనా?”

“సినిమా అంత మంచిగ లేదు.”

“సినిమా ఎవలకు గావాలె. పేరు పడంగనే లేచి వచ్చినా సరే అంటున్నది మీ అవ్వ. ముందట పడ్తదా, ఎనుక పడ్తదా?”

“ముందటనే.”

“గట్లయితే లేటు చెయ్యద్దు. రెండు ఆటోలు మాట్లాడిన. నువ్వు గూడ రారాదా? మా పక్కన కూసుంటే గీ పిల్లనే అని చూపెట్టచ్చు.”

వస్తానని చెప్పి జమున ఫోను పెట్టేసింది. ఆ సినిమాలో ఏ చప్పుడు ఎక్కడుందో ఆమెకు తెలుసు. సగం ఆమె పెట్టినవే. ఇంటర్వెల్‌కు కొంచెం ముందు ఒక సీను ఉంది. పెళ్ళి తప్పించుకోవడానికి హాస్యగాడు చచ్చినట్టు పడుకుంటాడు. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తారు. తెర మీద ఏడ్చేది నటులు. వినబడేది ఆమె చిన్నమ్మ పూలమ్మ ఏడుపు.

ఎల్లేశం బొగ్గు గని పైన వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ లేనప్పుడు మైకు సెట్టు కిరాయికి ఇచ్చేవాడు. బతుకమ్మకు, యూనియన్ మీటింగుకు, చర్చిలో క్రిస్మస్‌కు కాలనీలో ఆయన హారన్లే కట్టేవారు. మైకు కూత పెడితే ఎక్కడ నిలబెడితే ఆగుతుందో జమునకు హైస్కూలు నాటికే తెలుసు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. హైదరాబాదులో ఒక డబ్బింగ్ థియేటర్‌లో పని దొరికితే, ఆడపిల్లను రాత్రి పనికి పంపనన్నాడు ఎల్లేశం. ఆయనకు నచ్చజెప్పింది తమ్ముడు సదయ్య. జమునకు కాక, పూలమ్మ భర్త.

“పోనియ్యే అన్నా. నేను భూమి లోపట నైట్ షిఫ్టులు చేస్తలేనా? ఆ పిల్లది ఏసీ గది,” అన్నాడు.

కేబుళ్లు చుట్టడంతో మొదలుపెట్టి, ఎనిమిదేళ్లలో సినిమాలకు చప్పుళ్లు కూర్చే మనిషి అయింది జమున. ఆ విభాగంలో ఆమె ఒక్కతే ఆడది. స్టూడియోలో చప్పుళ్లన్నీ విదేశాల నుంచి కొని తెచ్చిన డిస్కుల్లో ఉండేవి. వాటిలో కుక్కలు కూడా మన కుక్కల్లా మొరగవని ఆమె నవ్వేది. చిన్న రికార్డరు ఒకటి కొనుక్కుని ఎక్కడికి వెళ్లినా సంచిలో వేసుకునేది. బోరింగు కొట్టే చప్పుడు, సంతలో బేరాలు, షిఫ్టు వదిలినప్పుడు సైకిళ్లన్నీ ఒకేసారి కదిలే చప్పుడు ఆమె దగ్గర ఉండేవి. ఏది దొరక్కపోయినా జమునను అడగండి అనేవారు. ఆ మాట మీదే ఆమెకు పేరు వచ్చింది.

సకల జనుల సమ్మె అయిన తర్వాతి చలికాలంలో సదయ్య గుండె ఆగి ఇంట్లోనే చనిపోయాడు. కబురు అందేసరికి జమున పనిలో ఉంది. ఆ సంచితోనే బయలుదేరి వచ్చింది.

అక్కడ చావు ఇంట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. శోకం తీస్తారు. పోయినవాణ్ని వరస పెట్టి పిలుస్తూ, అతను చేసినవి, చెయ్యనివి, తాము అన్నవి, అనలేనివి రాగం పెట్టి చెబుతారు. తీసిన మనిషికి తానేమన్నదో తర్వాత గుర్తుండదు. గుర్తు చెయ్యాలని కూడా ఎవరూ చూడరు. చావు లేని ఇంట్లో ఆ మాటలు నోట రాకూడదంటారు.

పూలమ్మ చాలాసేపు బండలా కూర్చుని, జమునను చూడగానే ఆమె భుజం మీద తల వాల్చి మొదలుపెట్టింది. జమున ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే. కానీ కుడి చెయ్యి సంచిలోకి వెళ్లి రికార్డరు ఆన్ చేసింది. పూలమ్మ గొంతు పైకి లేచినప్పుడు, రికార్డింగు చెడిపోకుండా ఆ వేలే మీట తిప్పి లెవెల్ తగ్గించింది. ఎవరూ చూడలేదు. తల భుజం మీదే ఉంది కాబట్టి ఆ రికార్డింగు చాలా శుభ్రంగా వచ్చింది.

ఏడాది పాటు దాన్ని ఆమె ఎవరికీ వినిపించలేదు. ఒక్కతే అప్పుడప్పుడు వినేది. కాక మీద ప్రేమతో వింటున్నాననుకునేది. అది కూడా కొంత నిజమే.

ఆ హాస్యం సినిమా ఫైనల్ మిక్స్‌కు ముందు రోజు రాజ్‌కుమార్ వచ్చాడు. మిక్సింగులో ఆమెకు పైవాడు.

“జమునగారూ, డబ్బింగ్ వాళ్ల ఏడుపు డైరెక్టర్ గారికి నచ్చట్లేదండి. నటిస్తున్నట్టుందట. మీ సైడు ఆడాళ్లు పాడుతూ ఏడుస్తారంట కదా, అలాంటిది కావాలంటున్నారు. వినగానే నవ్వు రావాలంట. రేపు పొద్దున్నే మిక్స్. ఎక్కణ్నించి తెమ్మంటారు చెప్పండి?”

“మా సైడు ఏడుపు వింటే నవ్వొస్తదా సార్?”

“నేనన్నానా అండీ, డైరెక్టర్ గారన్నారు.”

జమున తన సంచి వైపు చూసింది. తర్వాత, “నా దగ్గర ఒకటుంది,” అంది.

ఆ రోజంతా కూర్చుని మాటలన్నీ తీసేసింది. పిలుపులు తీసేసింది. ఊరి పేరు తీసేసింది. చివరికి ఊపిరి, రాగం, మధ్యలో ఎక్కిళ్లు మాత్రం మిగిలాయి. మాటలు లేకపోతే మనిషి కూడా ఉండదనుకుంది. రాజ్‌కుమార్ విని కుర్చీలో వెనక్కి వాలి, “ఎక్సలెంట్ అండీ,” అన్నాడు. టైటిల్స్‌లో ఆమె పేరు మొదటిసారి విడిగా వేయించాడు.

శుక్రవారం విడుదలైంది. జమున హైదరాబాదులో మొదటి ఆటకు వెళ్లింది. ఆ సీను రాగానే హాలు మొత్తం నవ్వింది. ముందు వరసలో ఒకడు అదే రాగం తీసి పక్కవాళ్లను ఇంకా నవ్వించాడు. జమున లేచి బయటకు వచ్చింది. తిన్నగా స్టూడియోకు వెళ్లి, తన కంప్యూటర్లో ఉన్న అసలు రికార్డింగును తీసేసింది. బ్యాకప్ డిస్కులో వెతికి తీసేసింది. రికార్డరులో కార్డును కూడా చెరిపేసింది. ఆ పనిలో ఆమె ఎప్పుడూ పొరపాటు చెయ్యదు. ఇంటికి వెళ్తుంటే కొంచెం తేలికగా అనిపించింది. మరునాడు తండ్రి ఫోను వచ్చింది.

*

శనివారం సాయంత్రం రామగుండంలో రైలు దిగి ఆటో ఎక్కింది. కాలనీకి వచ్చేసరికి తల్లి లస్మవ్వ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది. పక్కనే పూలమ్మ, ఎదురింటి మల్లక్క కూర్చున్నారు. పూలమ్మ చిక్కిపోయింది. జుట్టు ముందు వైపు బాగా తెల్లబడింది.

“వచ్చినవా బిడ్డా,” అంది పూలమ్మ. “పెద్ద పేరు తెచ్చుకున్నవట.”

“పెద్దదేం లేదు చిన్నమ్మా. చిన్న అక్షరాలే.”

“చిన్నగుంటే నాకు కనవడదు. మల్లక్కా, నువ్వు చూపెట్టాలె.”

“నాకు సదువు రాదాయె, నేనేం చూపెడ్త,” అంది మల్లక్క. “నిన్న చూసిన గని, ఏ పేరు ఎవలదో.”

ఎల్లేశం లోపలి నుంచి తొంగి చూశాడు. “నిన్ననే చూసినవా? ఎట్లున్నది?”

“నవ్వుతున్నరు జనం,” అంది మల్లక్క. తర్వాత చేటలోని కాయలను చూస్తూ ఉండిపోయింది.

జమున పూలమ్మ పక్కన కూర్చుంది. “చిన్నమ్మా, నువ్వు రాకు. గదంత లొల్లిలొల్లి సినిమా. తలకాయ నొస్తది.”

“నొస్తే గోలీ వేసుకుంట.”

“ఎండల పోవాలె.”

“ఆటో మాట్లాడిండట మీ బాపు. ఏందే, నేను వస్తే నీకు ఇజ్జత్ తక్కువైతదా?”

లస్మవ్వ నవ్వింది. అప్పుడే పూలమ్మ కొడుకు వేణుమాధవ్ సైకిలు మీద వచ్చాడు. సదయ్య పోయిన తర్వాత కంపెనీ ఆయన ఉద్యోగం కొడుక్కు ఇచ్చింది. జమునను చూసి, “ఎప్పుడొచ్చినవక్కా,” అని పలకరించాడు. తల్లి వైపు చూడకుండా పక్క క్వార్టరులోకి పోయాడు. పూలమ్మ లేచి, “అన్నం పెట్టాలె,” అంటూ అతని వెనుక వెళ్లింది. మల్లక్క కూడా వెళ్లిపోయింది.

“వాడు తల్లితోని మాట్లాడుతలేడా?” అని అడిగింది జమున.

లస్మవ్వ గొంతు తగ్గించింది. “నౌకరిల చేరిన కాన్నుంచి గంతే. పీనుగు మీద పడి నౌకరి గురించి, పింఛను గురించి శోకం తీసిందని ఎవలో చెప్పిండ్రట వానికి. కాక బోర్డుకు పోనన్నడు గద, గప్పుడు లొల్లి పెట్టుకున్నది ఎరుకనే గద నీకు.”

జమునకు తెలుసు. డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. చాలామంది అలాగే ఇప్పించారు. సదయ్య ఒప్పుకోలేదు. మంచిగున్న మనిషిని, రోగమున్నదని అబద్ధం చెప్పి నిలబడనన్నాడు. డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్న కొడుకును చూసి పూలమ్మ ఆయనతో మాట్లాడడం మానేసింది. అలా మాట్లాడకుండా ఉన్నప్పుడే ఆయన పోయాడు.

“నువ్వు ఆన్నే ఉంటివి గదవ్వా. నిజంగ అన్నదా?”

“నాకేం యాదికున్నది. నేను ఏడుస్తున్ననా, ఇంటున్ననా. ఆమెకే యాదికి లేదట. నన్ను ఎన్నిమార్లు అడిగిందో. లేదే, నువ్వు అనలేదే అన్న. నమ్ముతలేదు.”

జమున ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఆ శోకంలో ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో కాలనీలో తెలిసిన మనిషి తాను ఒక్కతే. ఆ సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. నీకెట్ల ఎరుక, అని అడుగుతారు. కాయలన్నీ అయిపోయేదాకా ఆమె ఒలుస్తూనే ఉంది.

*

థియేటర్ నిండింది. ఎల్లేశం అందరినీ మధ్య వరసలో కూర్చోబెట్టాడు. టైటిల్స్‌లో ఆమె పేరు పడగానే లేచి నిలబడి ఫోనుతో ఫొటో తీశాడు. వెనుకవాళ్లు కూర్చోమని అరిచారు. “నా బిడ్డ పేరయ్యా,” అన్నాడు ఆయన. ఎవరో ఈల వేశారు. పూలమ్మ ఆ అక్షరాలు పోయిన తర్వాత కూడా తెర వైపే చూస్తూ ఉంది.

సినిమా కొంత నడిచాక, “టోనీ అన్నను కలిసి వస్త,” అని జమున లేచింది.

టోనీ ఆ థియేటర్‌లో పాత ఆపరేటర్. ఒకప్పుడు ఎల్లేశం దగ్గర యాంప్లిఫయర్లు బాగు చేయించుకునేవాడు. క్యాబిన్‌లో ఇప్పుడు రీళ్లు లేవు. ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు ఉన్నాయి.

“రా రా ఇంజినీరమ్మా,” అన్నాడు టోనీ. “చూసినవా నా నౌకరి? బటన్ ఒత్తుడు, టిఫిన్ తినుడు. మా ఇంటామె గూడ చేస్తది.”

“టోనీ అన్నా, ఇంటర్వెల్‌కు ముందట ఒక సీనున్నది. గప్పుడు వాల్యూమ్ నేను చూసుకుంట.”

“ఏమైంది?”

“మిక్సింగ్ తప్పు పడ్డది. మీ స్పీకర్లు ఖరాబైతయ్.”

“మొన్నటి నుంచి ఏం గాలే గద.”

“ఐతయన్నా. నేను చేసిన పని, నాకెరుక గద.”

టోనీ ఆమె మొహం చూసి పక్కకు జరిగాడు. “జల్ది కానియ్యి మరి. సౌండు పోతే నా అయ్యను తిడ్తరు ఈడ.”

సీను మొదలైంది. హాస్యగాడు పడుకున్నాడు. ఆడవాళ్లు పరుగెత్తుకు వచ్చారు. జమున మీట తిప్పింది. హాలులో చప్పుడు పూర్తిగా పోయింది. తెర మీద ఆడవాళ్లు నోళ్లు తెరిచి మూసి, గుండెలు కొట్టుకుంటున్నారు. ఒక క్షణం జనానికి అర్థం కాలేదు. తర్వాత ఈలలు మొదలయ్యాయి. “సౌండు పెట్టరా టోనీ” అని ఒకడు, “పండుకున్నవా బే” అని ఒకడు అరిచారు. కుర్చీలు చరిచారు.

క్యాబిన్ కిటికీలోంచి జమున మధ్య వరసను చూసింది. పూలమ్మ కుర్చీ అంచుకు జరిగి, ముందు సీటు పట్టుకుని వంగి కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి క్యాబిన్ వైపు చూసింది. లోపల చీకటి కాబట్టి తాను కనబడనని జమునకు తెలుసు. అయినా పక్కకు తప్పుకుంది.

సీను అయిపోయాక మీట మళ్లీ తిప్పింది. ఒక గండం దాటించాననుకుంది.

*

ఇంటికి వచ్చాక ఎల్లేశం వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరికీ ఫోనులో ఫొటో చూపిస్తున్నాడు. అక్షరాలు మసకగా ఉన్నాయి. “గీ రెండో లైను,” అని వేలు పెట్టి చెబుతున్నాడు.

పూలమ్మ జమునను తన క్వార్టరుకు పిలిచింది. వేణుమాధవ్ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఆమె దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి చాప మీద కూర్చుంది.

“సౌండు నువ్వే బంద్ చేసినవా?”

జమున తలుపు దగ్గరే నిలబడిపోయింది.

“మల్లక్క చెప్పింది నాకు. మొన్న చూసి వచ్చి, ఏడ్చుకుంట చెప్పింది. ఎన్ని చావులకు కూసున్నమే ఇద్దరం ఒక్క కాడ. నేను రాగమెత్తుడు ఆమెకు ఎరుక గాదా? మాటలు ఏం వినవడలేదు గని నువ్వే పూలమ్మా అన్నది.”

“చిన్నమ్మా...”

“నేను పేరు చూద్దమని రాలేదు. నాకన్న మాటలు వినవడ్తయేమో, ఇనాలని వచ్చిన. గా దినం నేనేమన్ననో నా చెవులతోని నేను ఇంటే తెలుస్తది గద. అందరు లేదు లేదంటరు. నా మొహం చూసి అంటరు. మిషను నా మొహం చూడది గద.”

జమున గోడకు ఆనుకుని కూర్చుంది. వినకూడదని ఆపిన మనిషి వినడానికే వచ్చింది.

“ఆ సినిమాల గూడ మాటలు లేవు చిన్నమ్మా. నేనే తీసేసిన.”

“మాటలు తీస్తే ఏముంటది?”

“ఏడుపు.”

“మరి మాటలున్నది యాడున్నది?”

“లేదు. శుక్రవారం నాడు తుడిపేసిన.”

“ఎందుకు?”

“జనం నవ్వితే సిగ్గయింది.”

పూలమ్మ చాలాసేపు చాప అంచును వేలితో సవరిస్తూ కూర్చుంది. “తీసుకునేటప్పుడు అడగకపోతివి,” అంది చివరికి. “తుడిపేటప్పుడన్న అడగకపోతివా.”

జమున తల ఎత్తలేదు. క్షమించమని అడగడానికి మాట నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుందని ఆగిపోయింది.

“నీకు యాదికున్నదా?” అని అడిగింది పూలమ్మ.

“ఉన్నది.”

“అంత?”

“అంత.”

“అయితే చెప్పు... ఆగు. ఇంట్ల వద్దు. దీపం పెట్టిన.”

ఇద్దరూ క్వార్టర్ల వెనుక ఉన్న ఖాళీ జాగాకు నడిచారు. అక్కడ పాత పైపులు పడి ఉన్నాయి. మేకలు ఇళ్లకు మళ్లుతున్నాయి. పూలమ్మ ఒక పైపు మీద కూర్చుంది. జమున ఎదురుగా నిలబడింది.

ఒక్క మాట తీసేసి చెప్పవచ్చు. నువ్వు నౌకరి సంగతి ఎత్తలేదు చిన్నమ్మా, నేను చెవులతో విన్నాను అంటే చాలు. కాదనడానికి రికార్డింగు కూడా లేదు. వినేవాళ్లకు అతుకు తెలియకుండా తీసెయ్యడం ఆమెకు రోజూ చేసే పని. పూలమ్మ ఈ రాత్రి నిద్రపోతుంది. బహుశా తాను కూడా.

“మొదటి నుంచి చెప్తున్న,” అంది జమున. రాగం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“ఓ వేణు బాపూ, లెవ్వయ్యా అన్నవు. నీ బూట్లు తలుపెనుకనే ఉన్నయ్, షిఫ్టుకు యాల్లయింది అన్నవు. నేను మాట్లాడకపోతే నువ్వు పిల్లితోని మాట్లాడితివి, నేను ఇనాలని అన్నవు. బిల్లీ, మీ అవ్వ చాయ్ పోస్తదేమో అడుగు అంటివి, నేను పోయకపోతి అన్నవు.”

పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కమాన్‌పూర్ జాతరల గాజులు తొడిగిస్తివి, గిప్పుడు ఎవలు పలగ్గొట్టాలె అన్నవు. నౌకరి ఇయ్యి, నౌకరి ఇయ్యి అని నీ పానం తింటి అన్నవు.” జమున ఆగింది.

“ఆపకు,” అంది పూలమ్మ.

“నీ కొడుక్కు నౌకరి వచ్చె, నాకు పింఛను వచ్చె అన్నవు. నీకేమొచ్చె వేణు బాపూ అన్నవు. గది రెండుమార్లు అన్నవు. తర్వాత మాటలు లేవు. మల్లక్క వచ్చి నిన్ను పట్టుకున్నది.”

రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి. అవి దాటేదాకా పూలమ్మ అటే చూసింది.

“అయితే అన్న.”

“అన్నవు చిన్నమ్మా.”

“చాయ్ సంగతి గూడ అందరి ముందట అన్ననా?”

“అన్నవు.”

పూలమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. ఏడుస్తున్నదో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు.

“బిల్లి సంగతి నేనే మరిచిన,” అంది. తర్వాత జమున వైపు చూసింది. “మంచిగ ఇన్నవు. ఒక్క మాట గూడ జారకుంట ఇన్నవు. గింత మంచిగ ఇన్నదానివి, నలుగురు నవ్వేతందుకు ఎట్ల పంపినవే?”

ఆ ప్రశ్నకు స్టూడియోలో చెప్పే జవాబులు చాలా ఉన్నాయి. టైము లేదు, మాటలు లేవు, ఎవరికీ తెలియదనుకున్నాను. ఒక్కటీ ఇక్కడ చెప్పేలా లేదు.

“ఈడ సినిమా ఎన్ని దినాలుంటది?” అని అడిగింది పూలమ్మ.

“ఇంకో వారం ఉంటదేమో.”

“తీసేస్తరా అది, నువ్వు చెప్తే?”

“అడుగుత. తియ్యరు చిన్నమ్మా. అన్ని ఊర్లల్ల నడుస్తున్నది. ఇంకొన్నొద్దులకు టీవీల గూడ వస్తది.”

పూలమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది.

“వాడు డ్యూటీ దిగి వచ్చి ఉంటడు. ఈడికే తీసుకొస్త. వానికి గూడ గిట్లనే చెప్పు, నడుమ ఏం తియ్యకుంట. నీకెట్ల ఎరుకో గూడ చెప్పాలె. లేకపోతే నేనే నీతోని చెప్పిస్తున్నననుకుంటడు.”

“చెప్త.”

“మీ బాపుకు గూడ తెలుస్తది మరి.”

“తెలువనియ్యి.”

పూలమ్మ క్వార్టర్ల వైపు నడిచింది. జమున పైపు పక్కన నిలబడే ఉంది. కాసేపటికి తల్లీకొడుకులు దూరదూరంగా నడుస్తూ వచ్చారు. వేణుమాధవ్ అప్పుడే స్నానం చేసినట్టున్నాడు. భుజం మీద తువ్వాల ఉంది. వాళ్ల వెనుకే ఎల్లేశం కూడా వచ్చాడు, ఫోను చేతిలో వెలుగుతూనే ఉంది.

“ఏందే, అందరు ఈడ కలిసిండ్రు,” అన్నాడు ఎల్లేశం. “వేణుగానికి ఫొటో చూపెట్టనే లేదు నేను.”

“ఫొటో సంగతి గాదు బావా. జర ఆగు,” అంది పూలమ్మ.

వేణుమాధవ్ జమున వైపు చూశాడు. “ఏమైందక్కా?”

“కూసో తమ్మీ,” అంది జమున. అతను కూర్చోలేదు. ఆమె తండ్రి వైపు చూడకుండా, సాకులేవీ ముందు పెట్టకుండా మొదలుపెట్టింది.

“కాక పోయిననాడు మీ అవ్వ నా భుజం మీద పడి శోకం తీస్తుంటే, నా సంచిల రికార్డింగ్ మిషను నడుస్తుండె. దానంతల అది నడువలే. నేనే నడిపిన.”